బొద్దక్షరాల మావయ్య

మా మావయ్యకి సన్నటి అక్షరం కంటపడితే అన్నం సయించదు. గోడ మీదైనా, కాగితం మీదైనా, మందు సీసా మీదైనా సరే, అక్షరం బక్కచిక్కి కనిపిస్తే చాలు, "పాపం, దీనికి పెట్టేవాళ్ళెవరూ లేరా?" అని జాలిపడతాడు. ఆయన ప్రెస్సులో ఏది అచ్చు వేసినా ఒకే ఒక్క రకం అక్షరం. లావుగా, గుండ్రంగా, పొట్ట ముందుకు తోసుకుని నిలబడే అక్షరం. వాటిని తన చేత్తోనే చెక్కలో చెక్కుకున్నాడు. మేం వాటిని బొద్దులు అనేవాళ్ళం. ఊళ్ళో అందరూ ఆయన్ని బొద్దు మావయ్య అనేవారు. మనిషి మాత్రం ఎంత సన్నమంటే, చొక్కా వేసుకుంటే దాన్ని ఇంకా కొక్కేనికే తగిలించి ఉంచారేమో అనిపించేది.

బొద్దుల అందం చూసి తీరాలి. మామూలు అక్షరానికి తలకట్టు అంటే నెత్తిన చిన్న గీత. బొద్దుల తలకట్టు తలగడంత ఉండేది. 'మ' భోజనం చేసి అరుగు మీద చేరగిలబడిన పెద్దమనిషిలా ఉండేది. 'ణ' అయితే పొట్టలన్నీ పొట్టలే. కింద ఒత్తు వచ్చిందంటే పై అక్షరం దాని మీద ఎక్కి కూర్చునేది. అక్షరాల లోపలి ఖాళీలు కందిగింజంత. సిరా కాస్త ఎక్కువైతే అవి పూడుకుపోయేవి, సున్నా కాస్తా ఉండై కూర్చునేది. "తప్పు పడింది మావయ్యా," అని నేను ప్రూఫు పట్టుకెళితే, "తప్పు కాదు, నిండింది," అనేవాడు.

డిగ్రీ అయిపోయాక నేను ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. ఒకటే గది. మధ్యలో కాలితో తొక్కే అచ్చుమిషను, గోడ పొడుగునా అక్షరాల అరలు, కిటికీ పక్కన ఒక పొడవాటి చెక్కపెట్టె, దాని మీద పరుపుగుడ్డ, ఆ గుడ్డ మీద మావయ్య. మిషను పక్కన నేల మీద పళ్ళెమంత గుంట ఒకటి ఉండేది. చేరిన మొదటి రోజే అందులో కాలు పడి బొటనవేలు వాచింది. తాపీమేస్త్రీని పిలిచి పూడ్పిస్తానంటే, "దాని జోలికి వెళ్ళకు," అన్నాడు మావయ్య. ఆయన పిచ్చుల్లో ఇదొకటి కాబోలనుకుని వదిలేశాను.

బొద్దులతో వచ్చిన చిక్కల్లా అవి చోటు తినేయడం. ఎవరైనా పోస్టరు వేయించుకుందామని రాసుకొచ్చిన కాగితం చేతికివ్వగానే, మావయ్య దాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, "పట్టదు," అనేవాడు.

"ఎంత తీసేయమంటారు?"

"ముప్పాతిక."

"పోనీ, సన్న అక్షరాల్లో వెయ్యండి."

"సన్నవి లేవు. అరిగిపోయాయని ఎప్పుడో కరిగించేశాను."

వచ్చినవాళ్ళు తల పట్టుకుని అక్కడే బల్ల మీద కూర్చుని ఒక్కొక్క మాటే కొట్టేసేవారు. మావయ్య ఉలకడు, పలకడు. కొట్టేసి ఇచ్చాక మళ్ళీ కన్ను మూసి చూసి, "ఇంకొంచెం," అనేవాడు.

ఒకాయన పిల్లి తప్పిపోయిందని పోస్టరుకి వచ్చాడు. దాని రంగు, తోక మీద మచ్చ, పిలిస్తే పలికే తీరు, మెళ్ళో ఉన్న గంట, అన్నీ వివరంగా రాసుకొచ్చాడు. చివరికి బొద్దుల్లో పట్టింది 'పిల్లి పోయింది' ఒక్కటే. మూడు రోజుల్లో ఆయన గుమ్మం ముందుకి పదకొండు పిల్లులు చేరాయి. అందులో ఆయన పిల్లి లేదు. అది నాలుగో రోజు తనంతట తానే వచ్చి, ఇంటినిండా ఉన్న పిల్లుల్ని చూసి అలిగి అటకెక్కింది.

లాయరుగారి బోర్డుదీ అదే వరస. తన బోర్డు చూస్తేనే జనం గుండెలు గుభేలుమనాలని ఆయన కోరిక. బొద్దుల్లో పడేసరికి బెలూన్లు అమ్మే చోటులా తయారైంది. "మీ దగ్గర బంతులుంటాయా?" అని చిన్నపిల్లలు వచ్చి అడుగుతున్నారని ఆయన నిప్పులు కక్కుతూ వచ్చాడు. మావయ్య తాపీగా, "బంతుల కోసం కాక ఇంకెవరైనా వస్తున్నారా?" అని అడిగాడు. లాయరుగారు కాసేపు ఆలోచించారు. అంతకుముందు మెట్ల దాకా వచ్చి భయపడి వెనక్కి పోయే ముసలివాళ్ళు ఇప్పుడు నేరుగా లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటున్నారట. బోర్డు అలాగే ఉండిపోయింది.

హెడ్మాస్టరుగారు పోయినప్పుడు నిజంగానే నాకు ముచ్చెమటలు పట్టాయి. సంతాప సభ కాగితాలు. 'విచారిస్తున్నాము' అని బొద్దుల్లో పడితే అక్షరాలన్నీ కడుపు పట్టుకుని నవ్వుతున్నట్టే ఉన్నాయి. వాటిని హెడ్మాస్టరుగారి భార్య చేతికి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసింది. "ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన ముఖాన నవ్వు చూడలేదమ్మా. పోనీలే, ఇక్కడైనా నవ్వాడు," అని ఇంకో యాభై అడిగింది.

ఇంట్లో మాత్రం తప్పించుకుంటామా? అత్తయ్య వంటింటి డబ్బాలకి పేర్లు అంటించమంటే 'ఉప్పు' ఒక్కటే డబ్బాకి సరిపోయింది. 'పంచదార' డబ్బా చుట్టూ తిరిగి వచ్చింది. ఎదురుగా నిలబడితే కనిపించేది 'దార' మాత్రమే. "మీ మావయ్య పుణ్యమా అని రెండు చెంచాల దార వెయ్యమని మేం మాట్లాడుకుంటున్నాం," అనేది అత్తయ్య.

బొద్దులు ఒకే ఒక్కచోట ఓడిపోయాయి. కరెంటు ఆఫీసువాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ కంచెకి కట్టడానికి 'ప్రమాదం' అని బోర్డు వేయించుకున్నారు. వారం తిరక్కుండా లైన్‌మన్ దాన్ని చంకలో పెట్టుకుని వెనక్కి తెచ్చాడు.

"మావయ్యా, దీన్ని చూసి ఎవరూ భయపడట్లేదు. నిన్న ఒకతను కంచెకి ఆనుకుని ఫొటో దిగాడు."

మావయ్య ముఖం పాలిపోయింది. బోర్డు తీసుకున్నాడు. మర్నాడు నేను వచ్చేసరికి కొత్త బోర్డు సిద్ధంగా ఉంది. సన్నగా, నిటారుగా, ముళ్ళలాంటి అక్షరాలు. చూస్తే రెండడుగులు వెనక్కి వెయ్యాలనిపించేలా ఉన్నాయి.

"ఇవెక్కడివి?"

"పక్కూరి ప్రెస్సులో అరువు తెచ్చాను," అన్నాడు నా వైపు చూడకుండా.

ఇంతలో సైకిళ్ళ గొడవ వచ్చింది. మా వీధి చివర సైకిలు షాపు నడిపే అన్నదమ్ములిద్దర్నీ ఊరంతా పెద్ద సైకిలు, చిన్న సైకిలు అనేవారు. పెద్ద సైకిలుకి యాభై దాటాయి. చిన్న సైకిలుకి నలభై ఉంటాయి. వాళ్ళ నాన్న వదిలిపోయిన స్టాండు ఒకటుంది, వంకర పోయిన చక్రాన్ని బిగించి సరిచేసేది. ఏదో మాటా మాటా వచ్చి చిన్న సైకిలు ఆ స్టాండు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు వీధుల అవతల సొంతంగా షాపు పెడుతున్నానని, సోమవారం తలుపులు తీస్తానని చెప్పుకుంటున్నాడు.

బుధవారం పొద్దున్నే పెద్ద సైకిలు ప్రెస్సులోకి వచ్చి మూడు పేజీల కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇది రెండొందలు కావాలి మావయ్యా. సోమవారం వాడు తలుపు తీసేలోగా ఊళ్ళో గోడ మిగలకూడదు."

నేను చదివాను. తమ్ముడు దొంగ. తండ్రి సొత్తు ఎత్తుకుపోయిన ద్రోహి. అతని చేతికి సైకిలు ఇస్తే బెల్లు కూడా తిరిగి రాదు. ఇలాంటివే ఇంకా చాలా. అవి గోడలకెక్కితే చిన్న సైకిలు షాపు తలుపు తీయడం కాదు, ఈ ఊళ్ళో తల ఎత్తుకు తిరగడం కూడా కష్టమే.

"ఏడేళ్ళ వయసులో పలక పగలగొట్టాడని కూడా రాశారేంటండీ?" అన్నాను.

"గుణం మొదటినుంచీ తెలియాలి కదమ్మా."

మావయ్య కాగితం అందుకుని, చేయి చాపి, కన్ను మూసి, "పట్టదు," అన్నాడు.

పెద్ద సైకిలు ఆ రోజంతా కూర్చుని పలక తీసేశాడు. మర్నాడు వచ్చి బెల్లు తీసేశాడు. "పట్టదు," అన్నాడు మావయ్య. "ఇంక ద్రోహి తీసేసేది లేదు," అని పెద్ద సైకిలు మొండికేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ వారం ప్రెస్సుకి వచ్చిన పెద్ద పని అదొక్కటే, అదీ కదలడం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

గురువారం మధ్యాహ్నం మావయ్య కాగితం తీసుకురావడానికి వెళ్ళాడు. గది ఊడుస్తూ ఆయన పరుపుగుడ్డ దులుపుదామని తీశాను. కింద పెట్టెకి తాళం వేలాడుతోంది గాని, వేసి లేదు. మూత ఎత్తి చూశాను. అరల నిండా సీసపు అక్షరాలు. సన్నవి, కొత్తవి, ఒక్కటీ అరగలేదు. కరిగించేశానన్న అక్షరాల మీదే ఈ మనిషి ఇన్నేళ్ళుగా కూర్చుని "లేవు" అంటున్నాడన్నమాట.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. మావయ్య గుట్టు దొరికిందన్న హుషారులో, కొట్టేసిన కాగితం ముందేసుకుని బల్ల దగ్గర కూర్చున్న పెద్ద సైకిలుతో, "మీరేం తీసెయ్యక్కర్లేదండీ. సన్నక్షరాలున్నాయి. మూడు పేజీలూ పట్టేస్తాయి," అని చెప్పేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పలక, బెల్లు, అన్నీ మళ్ళీ కాగితంలోకి వచ్చి చేరాయి.

తిరిగొచ్చిన మావయ్య సంగతి విని నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. "సరే, రేపు రా," అని పెద్ద సైకిల్ని పంపించేశాడు.

"లేవని అబద్ధం ఎందుకు చెప్పావు మావయ్యా?"

"చాలా ఏళ్ళ కింద ఒక తండ్రి కొడుకు మీద ఇలాగే రాసుకొచ్చాడు. నాలుగు పేజీలు. సన్నక్షరాల్లో వేశాను. ఒక్క మాట వదలకుండా పట్టిందమ్మా. కొడుకు ఊరు వదిలిపోయాడు. ఆ తండ్రి రోజూ మన ముందునుంచే నడుస్తాడు, ఇటు తల తిప్పడు." పెట్టె మీద గుడ్డ సర్దుతూ, "చోటుంటే మనుషులు నింపేస్తారు," అన్నాడు.

"మరి నిజంగానే కరిగించెయ్యకపోయావా?"

"అవేం చేశాయి పాపం. బక్కవి. అందుకే మీద కూర్చున్నా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చెప్పేసిన మాట వెనక్కి రాదు కదా. పెద్ద సైకిలు ఆ సాయంత్రమే ఊరంతా తిరిగి, సోమవారం గోడలు చూసుకోండని చెప్పొచ్చాడు కూడా.

శుక్రవారం పొద్దున నుంచీ మావయ్య ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చాడు. అడ్డొచ్చే సాకు ఒక్కటీ చెప్పలేదు. మధ్యాహ్నానికి మూడు పేజీలూ ఇనుప చట్రంలో అమరాయి. నేను ప్రూఫు చదివాను, ఒక్క తప్పు లేదు. పెద్ద సైకిలు చేతులు కట్టుకుని మిషను పక్కనే నిలబడ్డాడు. మావయ్య చట్రాన్ని రెండు చేతులా ఎత్తి మిషను దాకా మోసుకొచ్చాడు. అక్కడ చెయ్యి జారింది.

ఆ చప్పుడికి ఎదురుగా ఉన్న దర్జీ కూడా మిషను ఆపాడు. చట్రం ఒక పక్క, బిగింపు చెక్కలు ఒక పక్క. మూడు పేజీల తిట్లు నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఆ చేతుల్లోంచి ఒక్క సున్నా జారి పడలేదని ఊరంతా చెప్పుకుంటారు.

"అయ్యో," అన్నాడు మావయ్య. ఆ అయ్యోలో ఎక్కడా కంగారు లేదు.

"మళ్ళీ పేర్చండి మావయ్యా," అన్నాడు పెద్ద సైకిలు.

"పేరుస్తాను. ముందు ఇవన్నీ ఏరి ఎవరి అరలో వాళ్ళని వెయ్యాలి. నేనూ అమ్మాయీ అయితే పది రోజులు. నువ్వూ కూర్చుంటే రెండు రోజులు. సోమవారానికి కావాలన్నావు కదా."

పెద్ద సైకిలు పంచె ఎగ్గట్టి నేల మీద కూర్చున్నాడు. అచ్చక్షరాలు తిరగబడి ఉంటాయి, అద్దంలో చూసినట్టు. ఏది ఏదో నేను చూపించాను. ఆయన చిటికెలో పట్టేశాడు. పుట్టినప్పటినుంచీ సైకిలు బేరింగుల గుళ్ళు ఏరిన వేళ్ళవి. కాసేపయ్యాక ఒక అక్షరం వెలుగుకి పట్టి, "ఈ 'దొ' ఏ మాటలోది?" అని అడిగాడు.

"దొంగలోదో, దొరలోదో, దొడ్డిలోదో. ఎవరికి తెలుసు. దాని అరలో వెయ్యి," అన్నాడు మావయ్య.

అలా శుక్రవారం సాయంత్రం దాకా వేశాడు. శనివారం పొద్దున్నే మళ్ళీ వచ్చి వేశాడు. తిట్టు పోయి అక్షరం మిగులుతోంది, అక్షరం వెళ్ళి అరలో పడుతోంది. పదకొండు గంటలకి ఉన్నట్టుండి, "ద్రోహిలో పనంతా ఈ ఒత్తుదేనన్నమాట," అన్నాడు.

మధ్యాహ్నం ఆయనే, "పలక పగలగొట్టింది వాడే గాని," అన్నాడు.

"గాని?" అన్నాడు మావయ్య.

"ముందు దాంతో వాడి నెత్తిన కొట్టింది నేనే."

సాయంత్రానికి నేల శుభ్రమైంది. మావయ్య చేతులు తుడుచుకుని, "కాగితం ఇవ్వు, మొదటినుంచీ పేరుస్తాను," అన్నాడు. పెద్ద సైకిలు జేబులోంచి ఆ మూడు పేజీలూ తీశాడు. విప్పి చూశాడు. మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"ఇది మరీ పొడుగుగా ఉన్నట్టుంది మావయ్యా. బొద్దుల్లో ఎంత పడుతుంది?"

"రెండు వరుసలు."

పెద్ద సైకిలు చాలాసేపు గుంజాటన పడి, "పైన తమ్ముడూ అని వెయ్యండి. కింద స్టాండు తీసుకుని రా అని వెయ్యండి," అన్నాడు.

మావయ్య మొదటి వరుస పేర్చాడు. 'తమ్ముడూ' ఒక్కటే పోస్టరు ఈ చివర నుంచి ఆ చివరకి నిండుగా వచ్చింది. రెండో వరుస వైపు చేయి చాపి, కన్ను మూసి, "పట్టదు," అన్నాడు.

"ఏది పట్టదు?"

"స్టాండు."

"స్టాండుతో సహా రమ్మని కదా గొడవంతా."

"అయినా పట్టదు."

పెద్ద సైకిలుకి అనుమానం వచ్చింది. "అమ్మాయ్, నువ్వు చూసి చెప్పు. నిజంగా పట్టదా?"

నేను వంగి చూశాను. కావాలంటే అక్షరాలు సర్దొచ్చు. స్టాండు పట్టి, ఇంకా రెండు వేళ్ళ ఖాళీ మిగులుతుంది. మావయ్య కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు.

"పట్టదండీ," అన్నాను.

ఆదివారం సాయంత్రానికల్లా ఊరి గోడలన్నీ 'తమ్ముడూ రా' అంటున్నాయి. ముద్దొచ్చేంత బొద్దుగా, దగ్గరికెళితే ఒళ్ళోకి తీసుకునేలా ఉన్నాయి అక్షరాలు. కింద ఎవరి పేరూ లేకపోయేసరికి, ఆ వారంలో ఈ సైకిళ్ళతో ఏ సంబంధమూ లేని ముగ్గురు తమ్ముళ్ళు వాళ్ళ వాళ్ళ అన్నల ఇళ్ళకి వెళ్ళారని చెప్పుకున్నారు. అందులో ఒకడికి అసలు గొడవే లేదట, ఊరికే పిలిచారని వెళ్ళాడు.

చిన్న సైకిలు సోమవారం పొద్దున్నే తలుపు తీయాల్సినవాడు మా ప్రెస్సుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అది నాకేనా మావయ్యా?" అన్నాడు.

"నీకెంతమంది అన్నలున్నారు?"

"నేను జవాబు వేయించుకోవాలి. స్టాండు నేనెందుకు తీసుకుపోయానో అందరికీ తెలియాలి." అతనూ జేబులోంచి మడత కాగితం తీశాడు. అది రెండు పేజీలు.

మావయ్య కనీసం చేయి కూడా చాపలేదు. నేనే, "పట్టదండీ. 'వస్తున్నా' ఒక్కటే పడుతుంది," అన్నాను.

"దానికి పోస్టరెందుకు? నాలుగు వీధులే కదా, నడిచే వెళ్తాను," అన్నాడు చిన్న సైకిలు విసుగ్గా. నడిచే వెళ్ళాడు. స్టాండు భుజాన వేసుకునే వెళ్ళాడు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద అన్నదమ్ములు మధ్యాహ్నం దాకా మళ్ళీ పోట్లాడుకున్నారట, కానీ షాపు లోపల.

ఆ వారంలోనే తాపీమేస్త్రీ మా ఇంటి గోడ పనికి వచ్చాడు. ఎలాగూ వచ్చాడు కదా అని, మిషను పక్క గుంట పూడ్పిద్దామని ప్రెస్సుకి తీసుకొచ్చాను. ఆయన సిమెంటు కలుపుతుంటే ఆ గుంటని నేను మొదటిసారి సరిగ్గా చూశాను. ఒక దెబ్బకి పడింది కాదు. అంచుల నిండా ఇనుప చట్రం మూలలు దిగినట్టు పాత నొక్కులు, ఒకదాని మీద ఒకటి.

"మావయ్యా, మొన్న చట్రం జారడం నలభై ఏళ్ళలో మొదటిసారి కదా?"

మావయ్య పరుపుగుడ్డ మీద కూర్చుని ఏదో పేరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బొద్దులున్నాక పొడుగు తిట్లు పట్టవు. మరి చట్రం దేనికి జారింది ఇన్నిసార్లు?" అని అడిగాను.

"పొట్టి తిట్లు కూడా ఉంటాయి కదమ్మా," అన్నాడు. "అవి పడతాయి."

తాపీమేస్త్రీ సిమెంటు తట్ట పట్టుకుని నా వైపు చూశాడు.

"దీన్ని ఇలాగే వదిలెయ్యండి," అన్నాను.